మీ కుక్కని డేకేర్‌కీ, రాత్రి బోర్డింగ్‌కీ ఎలా సిద్ధం చేయాలి

మేడారం జాతర వచ్చిందంటే ఉమ్మడి వరంగల్ జిల్లాలో వీధులకు వీధులే తాళాలు వేసుకుని కదులుతాయి. రెండేళ్లకోసారి వచ్చే ఆ నాలుగు రోజులే కాదు, పెళ్లిళ్లు, తిరుపతి ప్రయాణం, హైదరాబాద్‌లో ఆస్పత్రి పని కూడా ఉంటాయి. ఇదివరకు ఇలాంటప్పుడు కుక్కని వరండాలో గొలుసుతో కట్టేసి, పక్కింటివాళ్లకు "జర అన్నం పెట్టుండ్రి" అని చెప్పి వెళ్లిపోయేవాళ్లు. ఇప్పుడు హనుమకొండ, కరీంనగర్ లాంటి పట్టణాల్లో పగలు చూసుకునే డేకేర్లు, రాత్రి ఉంచుకునే బోర్డింగులు వచ్చాయి. అది మంచి మార్పే. కానీ చాలామంది ప్రయాణానికి రెండు రోజుల ముందు ఫోన్ చేసి, అప్పటిదాకా ఒక్క రాత్రి కూడా ఇల్లు విడిచి ఉండని కుక్కని, కొత్త వాసనల మధ్య ఒకేసారి నాలుగు రాత్రులు వదిలేస్తున్నారు. అది తిండి మానేస్తుంది, రాత్రంతా అరుస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి. అప్పుడు తప్పంతా బోర్డింగ్‌వాళ్ల మీద వేస్తాం.

కుక్కకి అర్థం కావాల్సింది ఒక్కటే: నన్ను వదిలి వెళ్లినవాళ్లు మళ్లీ వస్తారు. దీన్ని మాటల్లో చెప్పలేం. చిన్న చిన్న ఎడబాట్లు పెట్టి, ప్రతిసారీ తిరిగి వచ్చి చూపించాలి. దానికి ఆరు వారాలు కావాలి, ఎనిమిది ఉంటే ఇంకా నయం.

1. ముందు మీ కుక్క సంగతి చూడండి

టీకాల కోర్సు పూర్తికాని పిల్లని పది కుక్కలు తిరిగే చోటికి పంపకండి. ఎదకు వచ్చిన ఆడకుక్కనీ అంతే. ఎద సాధారణంగా ఆరేడు నెలలకోసారి వస్తుంది, మొదలయ్యాక దాదాపు మూడు వారాలు ఉంటుంది. పోయినసారి తేదీ రాసిపెట్టుకుంటే ప్రయాణానికి అడ్డొస్తుందో లేదో ముందే తెలుస్తుంది. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించని మగకుక్కల్ని కొన్ని చోట్ల గుంపులో కలపనివ్వరు. అది న్యాయమైన నియమమే.

డేకేర్ అన్ని కుక్కలకీ పడదు. తోటి కుక్కని చూస్తేనే తోక కాళ్ల మధ్య పెట్టుకునేదాన్ని, కాంపౌండ్ గోడ లోపలే పెరిగి గేటు ముందు ఎవరు ఆగినా మీదికి లేచేదాన్ని గుంపులో వదిలితే దానికి అది శిక్షే. వాటికి విడి గది ఇచ్చే బోర్డింగ్ చూడండి, లేదా మీ ఇంటికే వచ్చి ఉండే తెలిసిన మనిషిని మాట్లాడుకోండి. ఫిట్స్, గుండె జబ్బు, షుగర్ ఉన్న ముసలి కుక్కకైతే ఇంటి పట్టునే ఉండటం మేలని నా అభిప్రాయం. ఎవరినైనా కరిచిన చరిత్ర ఉంటే దాచకండి. ఆ సంగతి తెలియక గిన్నె తీయడానికి చెయ్యి పెట్టిన కుర్రాడు దెబ్బతింటాడు.

2. ఆరు వారాల ముందు డాక్టర్ దగ్గరికి

టీకాల కార్డు తీసుకుని వెళ్లండి. సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అనే పేర్లతో వేసే టీకాలో డిస్టెంపర్, పార్వో, హెపటైటిస్, లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బుల నుంచి కాపాడేవి కలిసి వస్తాయి. పిల్లలకు 6 నుంచి 8 వారాల వయసులో మొదలుపెట్టి, 3-4 వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తారు. తర్వాత డాక్టర్ చెప్పిన ప్రకారం బూస్టర్లు. రేబీస్ టీకా మూడు నెలలు నిండాక వేసి, ఏటా కొనసాగిస్తారు. రేబీస్ కార్డు అడగకుండా కుక్కని చేర్చుకునే చోటు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. మిమ్మల్ని అడగనివాళ్లు పక్క గదిలో ఉన్న కుక్క ఓనర్‌నీ అడిగి ఉండరు.

ఇంట్లో ఒక్కటే పెరిగే కుక్కకి కెన్నెల్ కాఫ్ టీకా అవసరం పెద్దగా రాదు. బోర్డింగ్ అనేసరికి లెక్క మారుతుంది. కుక్కలు దగ్గర దగ్గరగా ఉండే చోట ఈ దగ్గు చాలా తేలిగ్గా అంటుకుంటుంది. గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు ఎండు దగ్గు, చివర కక్కబోయినట్టు చేయడం దీని లక్షణం. టీకా వేస్తే అసలు రాదని చెప్పలేం గానీ, వచ్చినా సాధారణంగా తేలిగ్గా పోతుంది. ముక్కులో వేసే రకమైతే ఒక్క డోసు, ఇంజెక్షన్ రకమైతే మొదటిసారి 2-4 వారాల తేడాతో రెండు డోసులు. ఆరు వారాల ముందే మొదలుపెట్టమనడానికి ఇదీ ఒక కారణం. ఈ టీకా ప్రతి క్లినిక్‌లో ఉంటుందనుకోకుండా ముందే ఫోన్ చేసి అడగండి.

ఇక టిక్స్, అంటే పిడుదులు. మన దగ్గర కుక్కల్ని చంపే జ్వరాలు వీటితోనే వస్తున్నాయి కాబట్టి ఈ విషయంలో నేను మొండిగా ఉంటాను. కుక్కలకు పట్టే గోధుమరంగు పిడుదు ఎప్పుడూ ఒంటిమీదే ఉండిపోదు. కడుపునిండా రక్తం తాగి కిందికి దిగుతుంది, గోడ పగుళ్లలో, బోను మూలల్లో గుడ్లు పెడుతుంది. అందుకే రోజూ ఫినాయిల్‌తో కడిగే చోటైనా సరే, అవి పట్టే అవకాశం ఉంది. ఎర్లీకియా, బబీసియా అనే టిక్ జ్వరాలు ప్రాణం మీదికి తెస్తాయి. పిడుదుల్ని చంపడానికి నోటితో వేసే ఫ్లురలేనర్ మాత్ర 12 వారాలు, అఫోక్సోలేనర్ నెల రోజులు పనిచేస్తుంది. బోర్డింగ్ రోజులన్నీ ఆ గడువు లోపలే పడేలా వేయించండి. ఎప్పుడైనా ఫిట్స్ వచ్చిన కుక్కైతే ఈ మాత్రలు రాయించుకునే ముందు డాక్టర్‌కి ఆ మాట తప్పకుండా చెప్పాలి. నులిపురుగుల మందు వేసి మూడు నెలలు దాటితే అదీ ఇప్పుడే వేయించండి.

3. అసలు పని ఇంట్లోనే

మనం బయటికి వెళ్తున్నామని కుక్క ఇట్టే పసిగడుతుంది. బండి తాళం గలగల, బీరువా తలుపు చప్పుడు, చెప్పులు వెతకడం దానికి చాలు. ముందు ఆ చప్పుళ్లంటే ఉన్న టెన్షన్ పోగొట్టాలి. తాళంచెవులు తీసుకోండి, చెప్పులు వేసుకోండి, గేటుదాకా నడవండి, వెనక్కి వచ్చి కుర్చీలో కూర్చుని పేపర్ చదువుకోండి. రోజుకు నాలుగైదుసార్లు ఇదే చేయండి. కొన్నాళ్లకు తాళం చప్పుడైనా అది ఒక కన్ను తెరిచి చూసి మళ్లీ పడుకుంటుంది. అప్పుడు గేటు బయట అర నిమిషం నిలబడండి. తర్వాత ఒక నిమిషం, మూడు నిమిషాలు, పది. మధ్యలో ఒక్కోసారి తగ్గించండి కూడా. ప్రతిసారీ పెరుగుతూ పోతే అది కనిపెట్టేస్తుంది.

పాత ఫోన్‌లో వీడియో ఆన్ చేసి ఒక మూల పెట్టి వెళ్తే, మీరు లేనప్పుడు అది ఏం చేస్తుందో కళ్లారా చూడొచ్చు. ఏడో నిమిషానికి మూలగడం మొదలుపెట్టిందంటే, ఆ వారానికి మీ హద్దు ఐదు నిమిషాలే. భయం మొదలవకముందే తిరిగి వచ్చేయాలి. ఏడ్చి ఏడ్చి అదే అలవాటు పడుతుందిలే అని వదిలేస్తే భయం ఇంకా ముదురుతుంది. లోపలికి వచ్చాక "అయ్యో నా బంగారం" అని హడావిడి చేయకండి. మామూలుగా వచ్చి, నీళ్లు తాగి, అది నెమ్మదించాక దగ్గరికి తీసుకోండి. మూడు నాలుగు గంటలు ఒంటరిగా ఉండి నిద్రపోగలిగిందంటే డేకేర్‌కి సగం సిద్ధమైనట్టే.

పరాయి చేతులు కూడా అలవాటు కావాలి. ఇంట్లో అమ్మ ఒక్కరే చూసుకునే కుక్కలు మగవాళ్లు దగ్గరికొస్తే వెనక్కి తగ్గుతాయి, హెల్మెట్ పెట్టుకున్నవాళ్లని చూసి మొరుగుతాయి. మీ బావమరిదినో, పక్కింటి పిల్లవాడినో పిలిచి, వాళ్ల చేత అన్నం గిన్నె పెట్టించండి, బెల్టు కట్టించండి, వీధి చివరిదాకా నడిపించండి. చెవులు, పాదాలు, నోరు ముట్టుకోనిచ్చేలా చేయండి. మందు వేయాల్సి వస్తే అక్కడివాళ్లు పట్టుకునేది వాటినే.

తిండి సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మన ఇళ్లలో పెరుగన్నం, కోడిగుడ్డు, చికెన్ తోలు ఉడకబెట్టి కలిపిన అన్నం పెడతాం. చాలా బోర్డింగుల్లో డ్రై ఫుడ్ పెడతారు. దాన్ని కంపెనీ ఏదైనా అందరూ 'పెడిగ్రీ' అనే అంటారు. అక్కడ అప్పగించేటప్పుడు జరిగే సంభాషణ దాదాపు ఇలాగే ఉంటుంది:

"అన్నా, మావోడు పెడిగ్రీ ముట్టడు. పెరుగన్నమే తింటడు, అది గూడ ముద్దలు జేసి పెట్టాలె."

"అక్కా, ఇక్కడ పన్నెండు కుక్కలున్నయి. ముద్దలు ఎవలు పెడ్తరు?"

అతను చెప్పింది నిజమే. ముద్దలు కలిపి నోటికి అందించడం ప్రేమే, కానీ ఆ ప్రేమవల్లే బోర్డింగ్‌లో మొదటి రెండు రోజులు కుక్క పస్తులుంటుంది. ఇప్పటి నుంచే గిన్నెలో పెట్టి పక్కకు వెళ్లిపోండి. పదిహేను, ఇరవై నిమిషాల్లో తినకపోతే గిన్నె తీసేయండి, మళ్లీ పూట వేళకే పెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పెద్ద కుక్కకి ఒక పూట తప్పితే ఏమీ కాదు. చిన్నపిల్లలకీ, షుగర్ ఉన్నవాటికీ మాత్రం ఇది చేయకండి. అక్కడ డ్రై ఫుడ్డే పెడతామంటే, వారం పది రోజులు తీసుకుని అన్నంలో కొద్దికొద్దిగా కలుపుతూ పూర్తిగా మార్చండి. ఒక్కరోజులో మారిస్తే విరేచనాలు ఖాయం. ఇంటి తిండే పంపాలనుకుంటే వాళ్ల దగ్గర ఫ్రిజ్ ఉందా, వేడి చేసి పెడతారా అని అడగండి.

పడుకునే చోటు గురించి: కుక్క నిలబడి, వెనక్కి తిరిగి, కాళ్లు చాపుకునేంత బోను ఉంటే, తలుపు తీసి ఉంచి అందులోనే అన్నం పెట్టడం మొదలుపెట్టండి. తినేటప్పుడు కొద్దిసేపు తలుపు మూయండి, అది తినడం ముగించకముందే తీయండి. ఆ సమయాన్ని మెల్లగా పెంచండి. తప్పు చేసిందని కోపంతో అందులో వేయకండి. బోను లేకపోతే ఒక పాత చద్దరు మడిచి, 'ఇది నీ చోటు' అని అలవాటు చేసినా చాలు, ఆ చద్దరు దానితోపాటు వెళ్తుంది.

ఒకటికి, రెంటికి వెళ్లే అలవాట్లు కూడా గమనించండి. డాబా మీద మాత్రమే వెళ్లే కుక్క మట్టిలోకి తీసుకెళ్తే గంటలకొద్దీ బిగబట్టుకుంటుంది. సిమెంటు నేల, గడ్డి, మట్టి మూడింటి మీదా అలవాటు చేయండి. పేరు పిలిస్తే వచ్చేలా, గేటు తీసినా ఆగేలా నేర్పండి. మెడబెల్టు మీద మీ మొబైల్ నంబర్ ఉన్న బిళ్ల వేయించండి. వీలైతే మైక్రోచిప్ కూడా, బెల్టు ఊడిపోయినా ఆ 15 అంకెల నంబర్ ఒంట్లోనే ఉంటుంది.

4. చోటు చూడటం

ఫోటోలు చూసి నిర్ణయించకండి. స్వయంగా వెళ్లండి, కుక్కలున్న గదులు చూపించమనండి. చూపించమంటే సాకులు చెప్పేచోట వదలొద్దు. లోపలికి అడుగుపెట్టగానే ముక్కుకు తెలుస్తుంది. ఉచ్చ వాసన ఘాటుగా కళ్లు మండేలా ఉంటే గాలి ఆడటం లేదని అర్థం. నీళ్ల గిన్నెలోకి వంగి చూడండి. అడుగున పాచి ఉంటే ఆ చోటి గురించి ఇంకేమీ అడగక్కర్లేదు.

మన ప్రాంతానికి ప్రత్యేకంగా చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. కోతులు. ఊరి చివర మామిడి తోటల పక్కన ఉన్న బోర్డింగులకి పైన జాలీ లేకపోతే కోతులు దిగుతాయి, కుక్కలు పిచ్చిపట్టినట్టు గోడలెక్కుతాయి. ఆడుకునే జాగాకి పైకప్పో, జాలీయో ఉండాలి, గేట్లు ఒకదాని వెనక ఒకటి రెండు ఉండాలి. తర్వాత ఎండ. మే నెలలో 42, 43 డిగ్రీలు మనకి మామూలే, రేకుల షెడ్డు లోపల ఇంకా ఎక్కువ. కరెంటు పోతే ఇన్వర్టర్ ఉందా, కూలర్ దానిమీద నడుస్తుందా అని అడగండి. పగ్, షిట్జూ, బుల్‌డాగ్ లాంటి చప్పిడి ముక్కు జాతులు వేడికి త్వరగా పడిపోతాయి. వాటిని ఏప్రిల్, మే నెలల్లో ఏసీ లేని చోట వదలకపోవడమే మంచిది. వానాకాలంలో అయితే లోతట్టు ప్రాంతమా, పక్కన నాలా ఉందా చూసుకోండి. 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హనుమకొండ కాలనీల్లోకి నీళ్లు ఎలా వచ్చాయో ఇక్కడివాళ్లు మరిచిపోలేదు. బోనులో ఉన్న జంతువు తనంతట తాను తప్పించుకోలేదు.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న: రాత్రి అక్కడ మనిషి పడుకుంటాడా? పదింటికి తాళం వేసి పొద్దున ఆరింటికి వచ్చే చోట్లు ఉంటాయి. అడిగితేనే చెప్తారు. మామునూరులో, కోరుట్లలో వెటర్నరీ కాలేజీలు ఉన్న ప్రాంతం మనది, అయినా అర్ధరాత్రి కుక్క పొట్ట ఉబ్బితే ఫోన్ ఎత్తే డాక్టర్ ఎవరన్నది వాళ్ల దగ్గర ముందే తేలి ఉండాలి. చిన్నవాటినీ పెద్దవాటినీ కలిపి వదులుతారా, తిండి పెట్టేటప్పుడు విడదీస్తారా కూడా అడగండి. రేటు, ఆలస్యంగా తీసుకెళ్తే అదనంగా ఎంత అన్నది వాట్సాప్‌లో రాయించుకుంటే చాలు.

5. సగం పగలు, పగలు, ఒక రాత్రి

మూడు వారాల ముందు, రద్దీ లేని మామూలు రోజున మూడు నాలుగు గంటలు వదలండి. చెప్పిన సమయానికి కచ్చితంగా వెళ్లండి. రెండు మూడు రోజులు ఆగి మళ్లీ ఒకసారి, ఈసారి పొద్దున్నుంచి సాయంత్రందాకా. వాళ్లని చిన్న వీడియో పంపమనండి. అందులో చూడాల్సింది తోక ఊపుతోందా లేదా అన్నది ఒక్కటే కాదు. ఆటలో ఒకసారి ఇది తరిమితే ఇంకోసారి అది తరుముతుంది, ముందుకాళ్లు వంచి పిలుస్తాయి, మధ్యలో ఆగి ఒళ్లు దులుపుకుంటాయి. ఎప్పుడూ ఒక్కటే పారిపోతూ, మిగతావి వెంటపడుతుంటే ఆట చెడినట్టే. పెదాలు మాటిమాటికీ నాక్కోవడం, నిద్ర రాకుండానే ఆవలించడం, కంటి తెల్లగుడ్డు కనిపించేలా పక్కకు చూడటం భయానికి గుర్తులు. అవి కనిపిస్తే చూసుకునేవాళ్లు దాన్ని కాసేపు విడిగా ఉంచాలి. అలా ఉంచుతున్నారా అని గమనించండి.

రెండు పగళ్లు బాగా గడిచాక ఒక్క రాత్రి. మీరు ఊళ్లోనే ఉండగా పెట్టండి, అవసరమైతే వెళ్లి తెచ్చుకోవచ్చు. ఆ రాత్రి తిన్నదా, ఎంతసేపు అరిచింది, పొద్దున మలం ఎలా ఉంది అని మర్నాడు అడగండి. కొంచెం తక్కువ తిని, కాసేపు అరిచి పడుకుంటే కంగారుపడక్కర్లేదు. తెల్లారేదాకా ఏకధాటిగా అరిచినా, తలుపు కొరికి పళ్లు, గోళ్లు గాయపరుచుకున్నా అది ఇంకా సిద్ధంగా లేదు. మళ్లీ సగం పగటికి దిగండి, ఈ ప్రయాణానికి వేరే ఏర్పాటు చూసుకోండి. మొదటి రాత్రి దీపావళి వారంలో మాత్రం పెట్టకండి, టపాసుల భయం ఆ చోటితో ముడిపడిపోతుంది.

6. సంచి, కాగితం

పూటకొక పొట్లంగా కట్టిన తిండి, రెండు రోజులకు సరిపడా అదనంగా. మందులు వాటి అట్టల్లోనే. టీకాల కార్డు జిరాక్స్. అది రోజూ పడుకునే చద్దరు. ఉతకకుండా పంపండి, మీ వాసనే దానికి ధైర్యం. ఖరీదైన బొమ్మలు వద్దు, వాటి కోసమే కొట్లాటలు జరుగుతాయి.

ఒక కాగితం మీద తెలుగులోనే స్పష్టంగా రాయండి: ఎప్పుడు ఎంత తింటుంది, దేనికి భయపడుతుంది, ఎక్కడ ముట్టుకుంటే గుర్రుమంటుంది. ఉల్లిగడ్డ, ఎల్లిగడ్డ, చాక్లెట్, ద్రాక్ష, కిస్‌మిస్, ఉడికిన బొక్కలు పెట్టొద్దని పెద్ద అక్షరాలతో రాయండి. ఇంట్లాంటి వాతావరణం ఉన్న చోట ప్రేమకొద్దీ కూర కలిపిన అన్నం పెట్టేస్తారు. జ్వరమొస్తే మనుషుల మాత్రలు వేయొద్దని కూడా రాయండి. ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కుక్కలకు విషమవుతాయి. మీ డాక్టర్ నంబర్, మీ ఫోన్ కలవకపోతే నిర్ణయం తీసుకునే బంధువు నంబర్, ఎంత ఖర్చుదాకా మిమ్మల్ని అడగకుండా వైద్యం చేయించవచ్చో రాసి సంతకం పెట్టండి. మేడారంలో జాతర రద్దీలో ఫోన్ కలవడం కష్టమని వెళ్లినవాళ్లందరికీ తెలుసు. ఈ సంతకం అప్పుడే పనికొస్తుంది.

7. వదిలే రోజు

పొద్దున బాగా నడిపించండి, తేలిగ్గా తినిపించండి. ఎండాకాలమైతే ఎనిమిదిలోపే చేర్చండి. గేటు దగ్గర బెల్టు వాళ్ల చేతికిచ్చి, ఒకసారి తల నిమిరి, మామూలుగా నడిచి వెళ్లిపోండి. కన్నీళ్లు పెట్టుకుని పదే పదే వెనక్కి వచ్చి కౌగిలించుకుంటే ఇక్కడేదో ప్రమాదం ఉందని మీరే దానికి చెప్పినట్టవుతుంది. ఏడుపు వస్తే వీధి మలుపు తిరిగాక ఏడవండి. మూడు వారాలుగా ఈ గేటు నుంచే మీరు వెళ్లి, ఈ గేటుకే తిరిగొచ్చారు, అది దానికి గుర్తుంటుంది.

8. ఇంటికి తెచ్చాక

గిన్నెడు నీళ్లు ఒకేసారి పెట్టకండి, ఆత్రంగా తాగి కక్కుతుంది. కొంచెం కొంచెంగా ఇవ్వండి. రెండు రోజులు ఎక్కువగా నిద్రపోతుంది, ఒకటి రెండు పూటలు మలం పల్చగా ఉండొచ్చు. రక్తం పడినా, వాంతులు ఆగకపోయినా, ఒక రోజు దాటినా తిండి ముట్టకపోయినా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఆ సాయంత్రమే వెలుతురులో కూర్చోబెట్టి ఒళ్లంతా వెతకండి: చెవుల లోపల, కాలివేళ్ల మధ్య, బెల్టు కింద, చంకల్లో. పిడుదు కనిపిస్తే పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా నెమ్మదిగా పైకి లాగండి. కిరోసిన్ పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం చేయకండి. కెన్నెల్ కాఫ్ తగిలి ఉంటే రెండు వారాల్లోపు దగ్గు బయటపడుతుంది, అప్పటిదాకా వీధిలో మిగతా కుక్కలతో కలపకండి. టిక్ జ్వరం వారం నుంచి మూడు వారాల్లో తేలుతుంది. మందకొడిగా ఉండటం, తిండి తగ్గడం, చిగుళ్లు తెల్లబడటం, ముక్కు నుంచి రక్తం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు. కుక్క మామూలు ఒంటి వేడి 38.3 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్. మనకి జ్వరంగా అనిపించే వేడి దానికి మామూలే కాబట్టి చేత్తో చూసి తేల్చకండి, థర్మామీటర్ వాడండి. 39.5 దాటి, పైన చెప్పినవాటిలో ఏ ఒక్కటి కనిపించినా అదే రోజు రక్తపరీక్ష చేయించండి.

మూడు వారాలు బాగా గడిస్తే, తర్వాతి ప్రయాణం దాకా ఆగకుండా నెలకొక పగలు అక్కడ వదిలి తెచ్చుకుంటూ ఉండండి. ఏడాది తర్వాత ఒక్కసారిగా తీసుకెళ్తే సగం పగటి నుంచి మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తుంది.